నాన్న గొంతుతో తెప్పించిన ఐసు

బెజవాడ వన్‌టౌన్‌లో, మండుటెండల్లో, నిక్షేపంలా ఉన్న మా నాన్నని నేను ఒక పూట చంపేశాను. కంగారుపడకండి. ఆయన ఆ తర్వాత చాలా ఏళ్ళు హాయిగా బతికారు. నన్ను తిట్టడానికి ఓపిక కావాలి కాబట్టి ఆరోగ్యం కూడా జాగ్రత్తగా చూసుకున్నారు. కానీ ఆ పూట మాత్రం మా వీధి వీధంతా ఆయన పోయారని నమ్మి, తలలు తడుపుకోవడానికి సిద్ధపడిపోయింది. అందుకు కారణం జబ్బు కాదు, ప్రమాదం కాదు. నాకు కొత్తగా వచ్చిన మగ గొంతు.

మాది బందరు వైపు సముద్రపొడ్డు కుటుంబం. తాతల దాకా వలలు వేశారు. నాన్న వలలు పక్కనపెట్టి చేపల వ్యాపారంలోకి దిగి బెజవాడ చేరారు. కొల్లేటి చేప కొని, వెదురుబుట్టల్లో ఐసు పరిచి సర్ది, సాయంత్రం రైలుకి కలకత్తా పంపేవారు. పేరు ఏడుకొండలు. మనిషి బక్కపలచన, గొంతు మాత్రం ఇద్దరు మనుషులకి సరిపోయేంత ఉండేది. స్టేషన్లో ఒక ప్లాట్‌ఫారం మీద నుంచుని "ఒరేయ్!" అంటే పక్క ప్లాట్‌ఫారం మీద పడుకున్న కూలీ కూడా లేచి తలపాగా చుట్టుకునేవాడు.

నాకప్పుడు పద్నాలుగు నిండాయి. డెబ్బైల నడిమి రోజులు. ఆ వయసు పిల్లలు సున్నితంగా ఉంటారనీ, వాళ్ళని ప్రేమగా అర్థం చేసుకోవాలనీ ఈమధ్య పెద్దలు టీవీల్లో చెబుతున్నారు. వాళ్ళు నన్ను చూసి ఉంటే ఆ మాట అనేవారు కాదు. ఆముదం మొక్కలా అడ్డూ ఆపూ లేకుండా పెరిగాను. దసరాకి కుట్టించిన ప్యాంటు ఉగాదికి పిక్కల మీదికి ఎక్కింది. ముఖం నిండా మొటిమలు. అద్దం ముందు నిలబడి ఒకదాన్ని గిల్లితే, దాని చుట్టాలన్నీ పరామర్శకి దిగేవి. పెదవి మీద ఏదో నల్లగా మొలిచింది. దాన్ని నేను మీసం అనేవాణ్ణి. మా అక్క నాగమణి మాత్రం "ఒరే సత్తీ, మూతికి మసి అంటింది, తుడుచుకో" అనేది. అంతే, నేను తలుపు దఢాలున వేసుకుని, లోకంలో నా అంత కష్టం ఎవరికీ రాలేదని దిండులో ముఖం పెట్టుకుని ఏడ్చేవాణ్ణి. ఉప్మాలో జీడిపప్పు తగ్గినా అదే ఏడుపు. అలా ఏడుస్తూనే నేను మగవాణ్ణయ్యానని గర్వపడేవాణ్ణి. చూశారా తెలివి!

ఇక గొంతు సంగతి. ఏడాది పాటు అది, స్టేషను దొరక్క ముల్లు తిప్పుతున్న రేడియోలా ఉండేది. క్లాసులో "ప్రెజెంట్ సార్" అంటే "ప్రెజెంట్" దున్నపోతులా బయల్దేరి "సార్" దగ్గరికి వచ్చేసరికి పిల్లిపిల్ల అయిపోయేది. మాష్టారు ఇద్దరికీ కలిపి ఒక హాజరు వేస్తున్నానని అనేవారు. అలాంటిది, వేసవి సెలవులు ఇవ్వగానే ఒక ఉదయం అది కుదుటపడింది. నేను అటక మీద మామిడికాయ జాడీ కోసం వెతుకుతూ "ఎక్కడ పెట్టావు?" అన్నాను. వంటింట్లోంచి అమ్మ, "అక్కడే మూలనుందండీ, మీరు దిగండి, నడుం పట్టేస్తుంది. నేను తీస్తాను" అంది.

నేను తల బయటికి పెట్టాను. అమ్మ నన్ను చూసింది. చేతిలో గరిటె ఉంది, అది నా వీపు మీదికి వచ్చింది.

"వెధవా! నాతో 'అండీ' అనిపిస్తావా?"

గరిటె దెబ్బ నాకు తగలనే లేదు. నేను గాల్లో ఉన్నాను. నాకు నాన్న గొంతు వచ్చింది! అచ్చం అదే!

ఆ గొంతుని ఏ మూల దాచుకోవాలో తెలియని మూర్ఖుడికి ఇంట్లో టెలిఫోన్ కూడా ఉంది. వ్యాపారం కోసం నాన్న పెట్టించారు. నల్లటి ఫోను, కింద అమ్మ అల్లిన లేసుగుడ్డ. నేనూ అక్కా ఊరికే తిప్పకుండా డయలుకి బుల్లి తాళం ఉండేది. కానీ వచ్చే ఫోనుకి తాళం వెయ్యలేరుగా. ఒకరోజు మోగితే తీశాను.

"ఏడుకొండలు గారేనాండీ? నమస్కారమండీ. ఎండలు ఎలా ఉన్నాయండీ?"

పుట్టాక నాతో ఎవరూ "అండీ" అనలేదు. "ఒరేయ్", "సత్తిగా", "అడ్డం లే", ఇవీ నా బిరుదులు. ఆ మూడు "అండీ"లు చెవిలో పడేసరికి ఒళ్ళు పులకరించి, "ఆఁ... మండిపోతున్నాయి" అన్నాను. ఆయన ఇంకో రెండు "అండీ"లు చెప్పి, సాయంత్రం మళ్ళీ చేస్తానని పెట్టేశారు. ఇక చూడండి, నేను ఫోను పక్కనుంచి కదిలితే ఒట్టు. నాన్నలా ముందు గొంతు సవరించుకోవడం, "చూద్దాం... చేద్దాం" అని సాగదీయడం, అవతలివాళ్ళు మాట్లాడుతుంటే "ఊఁ" అని మూలగడం, అన్నీ సాధన చేశాను. అంత శ్రద్ధ లెక్కల మీద పెట్టి ఉంటే ఇంజనీరునయ్యేవాణ్ణి.

ఒక రాత్రి భోజనాల దగ్గర, "నాన్నా, రేపట్నుంచి వ్యాపారం నేను కూడా చూసుకుంటా" అన్నాను.

నాన్న ముద్ద చేతిలోనే పట్టుకుని నా వైపు చూశారు. "ముందు నీ చొక్కా బొత్తాలు చూసుకోరా. ఒకటి పైకి, ఒకటి కిందకి పెట్టావు."

అక్క నవ్వీ నవ్వీ పొలమారి, నీళ్ళు తాగి, మళ్ళీ నవ్వింది. నేను అన్నం వదిలేసి లేచాను. ఈ మనుషులకి నేనేమిటో చూపించకపోతే నా పేరు సత్యనారాయణ కాదనుకున్నాను. ఆ పేరు మార్చుకుని ఉంటే ఎంత బాగుండేదో!

మర్నాడు నాన్న తెల్లారగానే కైకలూరు బస్సెక్కారు. చేప కొనుక్కుని సాయంత్రానికి వ్యానులో వస్తారు. వెళుతూ నాతో ఒకటే మాట చెప్పారు: "ఫోనొస్తే నాన్న లేరని చెప్పు. నీ సొంత తెలివి వాడకు." అక్క కుట్టు క్లాసుకి పోయింది. అమ్మ పెరట్లో వడియాలు పెడుతోంది. ఫోను మోగింది.

"ఏడుకొండలు గారూ! ఐసు ఫ్యాక్టరీ నుంచి సీతారామయ్యనండీ. మా మిషను రిపేరుకిస్తున్నామండీ. ఇవాళే ఆఖరు, మళ్ళీ నాలుగైదు రోజులు ఐసుండదు. మీకెన్ని దిమ్మలు పంపమంటారు? మిగిలినవి బయటవాళ్ళకి ఇచ్చేస్తానండీ."

నాన్న లేరు అనాలి. రెండే మాటలు. ఆ రెండు మాటలూ నోటిదాకా వచ్చాయి కూడా. అప్పుడు నిన్న రాత్రి అక్క పొలమారిన నవ్వు గుర్తొచ్చింది. గొంతు సవరించుకున్నాను.

"మొత్తం ఎంతుందేంటి మీ దగ్గర?"

"ఓ లారీకుంటుందండీ."

"అంతా పంపెయ్యండి."

"అంతానా అండీ? ఈ ఎండలకి..."

"సీతారామయ్య గారూ! చెప్పింది ఒకసారి అర్థం కాదాండీ?" అని గర్జించాను. ఎంత బాగుందో ఆ గర్జన! నాకే భయమేసింది.

"చిత్తమండీ, చిత్తం. స్టేషను దగ్గర షెడ్డుకేగా?"

షెడ్డుకి పంపితే నా గొప్ప చూసేదెవరు? ఐసు లారీ మా గుమ్మం ముందు ఆగాలి. అక్క కళ్ళు తేలెయ్యాలి. "షెడ్డుకి కాదు, ఇంటికి! ఇంటికే!" అన్నాను. రెండో "ఇంటికే" దగ్గర గొంతు సన్నగా చీలి, కీచుమంది.

ఆ కీచు సీతారామయ్య గారి చెవిన పడింది. "పక్కన ఎవరండీ?"

"మా ఆవిడ," అన్నాను మళ్ళీ గొంతు దింపి. "ఆవిడ కూడా అదే అంటోంది."

మిట్టమధ్యాహ్నం లారీ వచ్చింది. మా సందులో లారీ దూరిందంటేనే జనం కిటికీల్లోంచి తలలు పెడతారు. గోనెలు కప్పి, ఊక చల్లిన దిమ్మలు, ఒక్కొక్కటీ పెట్టెంత. అమ్మ తడిచేతులతో పరిగెత్తుకొచ్చింది.

"ఇదేంటయ్యా? ఇక్కడికి తెచ్చారేంటి?"

"అయ్యగారే ఫోన్లో చెప్పారంటమ్మా," అన్నాడు డ్రైవరు. "మీరు కూడా పక్కనుంచి 'ఇంటికే, ఇంటికే' అని అరిచారంటగా?"

"నేనా? నేను పెరట్లో వడియాలు పెడుతుంటే!"

"మాకు తెలీదమ్మా. దింపమన్నారు, దింపుతున్నాం."

అరుగు నిండింది. వసారా నిండింది. ముందుగదిలో మంచం లేపి అక్కడా పేర్చారు. లారీ వెళ్ళిపోయింది. అమ్మ "సత్తీ! ఎక్కడ చచ్చావురా?" అని కేకలు. నేను వెనకగదిలో బియ్యం డ్రమ్ము చాటున కూర్చుని ఉన్నాను. వ్యాపారం చూసుకుంటానన్న పెద్దమనిషికి అదే ఆఫీసు. పలుకుదామంటే ఏ గొంతు బయటికి వస్తుందో తెలియదు. నాన్న గొంతు వస్తే దొరికిపోతాను. నా పాత గొంతు వస్తే పరువు పోతుంది. అప్పటికి కూడా పరువు నా దగ్గరే ఉందనుకుంటున్నాను, గమనించండి.

ఐసు కరగడం మొదలుపెట్టింది. గడప దాటి, మెట్లు దిగి, సందులో కాలవ కట్టింది. అమ్మకి ఏం చెయ్యాలో తోచక గుమ్మంలో కూలబడి, "ఈయనేంటి ఇలా చేశారు? నన్నిలా వదిలేసి తన దారిన తను పోయారు. ఇప్పుడు నేనేం చేసేది?" అని కళ్ళు ఒత్తుకుంది.

ఎదురింటి పార్వతమ్మ గారు సరిగ్గా ఆ మాటకే వచ్చారు. ఆవిడ ఐసు దిమ్మల్ని చూశారు, అమ్మ కన్నీళ్ళని చూశారు. ఎండాకాలంలో ఒక ఇంటికి ఐసు దిమ్మలు దిగాయంటే దానికి అర్థం ఒకటే, శవం పాడవకుండా ఉంచడానికని, బెజవాడలో పసిపిల్లకి కూడా తెలుసు. ఒక్క నాకే తెలియదు.

"అయ్యో వదినా! ఎప్పుడు?"

"పొద్దున్నే," అంది అమ్మ ముక్కు చీదుతూ. "బస్సుకి."

"బస్సుకా! ఎంత ఘోరం! ఎక్కడా?"

"కైకలూరు. సాయంత్రం వ్యాన్లో వస్తారు."

"అందుకని ఐసు ముందే తెప్పించావా తల్లీ? ఎంత గుండెనిబ్బరం!"

"నేనెక్కడ తెప్పించాను? ఆయనే ఇంటికి పంపమన్నారంట."

"పాపం, ముందే తెలిసిపోయిందన్నమాట!" అని పార్వతమ్మ గారు నోట్లో చెంగు కుక్కుకుని వీధిలోకి పరిగెత్తారు.

ఆవిడ కాళ్ళకి ఉన్న వేగం మా ఫోనుకి కూడా లేదు. కాసేపట్లో వసారా నిండా జనం. ఆడవాళ్ళు అమ్మని పట్టుకుని ఏడుస్తుంటే, తన ఐసు కష్టానికి ఊరు ఇంత కదిలిపోయిందేమిటా అని అమ్మ కూడా మరింత ఏడ్చింది. పక్కింటి రిటైరైన మాష్టారొకాయన ఉండేవారు. చేపల వాసన వస్తోందని మా మీద మునిసిపాలిటీకి అర్జీల మీద అర్జీలు పెట్టిన పుణ్యాత్ముడు. ఆయన గులాబీ దండతో వచ్చి, గోడ మీదున్న నాన్న ఫోటోకి తన చేత్తో వేసి, జనం వైపు తిరిగారు.

"ఏడుకొండలు లాంటి మనిషి మళ్ళీ పుట్టడు. ఆయన బుట్టల వాసన వస్తేనే నాకు తెల్లవారినట్టుండేది," అన్నారు గద్గదంగా. గదిలోంచి వింటున్న నాకే సిగ్గేసింది.

దండని చూశాకే అమ్మకి అనుమానం వచ్చింది. "ఆయన ఫోటోకి దండేంటి?" అని లేవబోయింది. "కూర్చో తల్లీ, నువ్వు కాసేపు తట్టుకోలేవు" అని ఇద్దరు ఆవిడని అదిమి కూర్చోబెట్టారు. అదే సమయానికి కుట్టు క్లాసు నుంచి అక్క వచ్చింది. సందు నిండా నీళ్ళు, గుమ్మం నిండా చెప్పులు, ఐసు, ఫోటో, దండ.

"నాన్నా!"

ఆ కేక ఇప్పటికీ నా చెవిలో ఉంది. అంతవరకూ నా పరువు, నా వీపు, ఇవే ఆలోచిస్తున్న నేను, ఆ కేకతో అవన్నీ మర్చిపోయాను. ఎగతాళి చేసే అక్క, నవ్వే అక్క, అలా ఏడుస్తుందని నాకు తెలియదు. డ్రమ్ము చాటునుంచి లేచాను. తలుపు బిగుసుకుంది, ఎంత లాగినా రాలేదు. చీకటి గదిలోంచి, ఉన్న శక్తంతా కూడగట్టుకుని అరిచాను.

"ఒరేయ్! నేను చావలేదు! ఏడుపులాపండి!"

"నాన్న చావలేదు" అనాలనుకున్నాను. కంగారులో "నేను" అని వచ్చింది. గొంతు మాత్రం ఎక్కడా చీలలేదు. ఆ ఏడాదంతా నన్ను నవ్వులపాలు చేసిన గొంతు, సరిగ్గా చీలవలసిన ఆ క్షణంలో గుడిగంటలా ఖంగుమంది.

తర్వాత జరిగింది నేను తలుపు సందులోంచి చూశాను. వసారాలో ఉన్నవాళ్ళంతా ఒక్కసారి వీధివైపు దూకారు. కింద ఐసు నీళ్ళు. పార్వతమ్మ గారు స్తంభాన్ని కౌగిలించుకుని "ఆంజనేయా, ఆంజనేయా" అంటున్నారు. మాష్టారు ఒక దిమ్మ మీద కూర్చున్నట్టే జారి, మెట్లు దిగి, సందు మధ్యలోకి వెళ్ళి ఆగారు. "ఏడుకొండలూ, అర్జీలు వెనక్కి తీసుకుంటానయ్యా!" అన్నారు ఆకాశం వైపు చేతులు జోడించి.

గదివైపు వచ్చింది అక్క ఒక్కతే. అది తలుపు తోసుకుని వచ్చి నన్ను చూసింది. నేను నోరు తెరిచాను. ఇప్పుడు చీలింది గొంతు. "నేనే అక్కా... సత్తినీ" అని కీచుగా వచ్చింది.

అక్క నన్ను లాగిపెట్టి ఒకటిచ్చింది. వెంటనే గట్టిగా పట్టుకుని ఏడ్చింది. ఆ తర్వాత మళ్ళీ ఒకటిచ్చింది. వెనక అమ్మ, చీపురు. ఆ భాగం వదిలేద్దాం. పెద్దవాణ్ణి, మనవలు చదువుతారు.

ఆ గందరగోళంలోకి వ్యాను వచ్చి ఆగింది. నాన్న దిగారు. సందులో ఏరు, మధ్యలో కూర్చున్న మాష్టారు, లోపల దండ వేసుకున్న తన ఫోటో. మాష్టారు లేచి పంచె పిండుకుంటూ, "రావయ్యా ఏడుకొండలూ... నువ్వు రావడం చాలా సంతోషం" అన్నారు.

సంగతంతా ఏడుస్తూ నేనే చెప్పాను. నాన్న ముందు దిమ్మల మీద చెయ్యి పెట్టి చూశారు. ఫ్యాక్టరీ మూసేశారు, ఊళ్ళో వేరే ఐసు దొరకదు, వ్యానులో చేప ఎదురుచూస్తోంది. ఐసు లేకపోతే ఆ సరుకు కలకత్తా చేరేలోపే కుళ్ళిపోతుంది. సందు చివర బిక్కుబిక్కుమంటూ నిలబడ్డ జనం వైపు తిరిగారు.

"నన్ను తర్వాత మోద్దురుగాని, ముందు ఐసు మొయ్యండి!"

మా వీధివాళ్ళు ఎన్ని అన్నా మంచివాళ్ళు. పాడె మొయ్యడానికి వచ్చినవాళ్ళు దిమ్మలు భుజాన వేసుకున్నారు. రిక్షాలు, తోపుడుబండి, ఒకాయన సైకిలు కూడా. గోనెలు చుట్టి, స్టేషను దాకా ఊరేగింపు. ఎవరో అలవాటు కొద్దీ "నారాయణ, నారాయణ" అంటే నాన్న వెనక్కి తిరిగి చూశారు. నా భుజం మీద దిమ్మ చల్లదనం ఎముకలోకి దిగుతుంటే, పళ్ళు టకటకమంటూ ఆ మండుటెండలో చలికి వణికిన మగవాణ్ణి బెజవాడ చరిత్రలో నేనొక్కణ్ణే అయ్యుంటాను.

ఉన్న ఐసు సగం బుట్టలకే సరిపోయింది. సగం చేప రైలెక్కింది. మిగతాది నిలవ ఉండదు కాబట్టి నాన్న వీధిలో అందరికీ పంచేశారు. ఆ సాయంత్రం ప్రతి ఇంట్లోనూ పులుసు వాసన. మాష్టారి ఇంట్లో చేప వండరు. అయినా ఇంటికెళ్ళేటప్పుడు ఆయన చేతిసంచీ కాస్త బరువుగానే కనిపించింది.

రాత్రి నాన్న నన్ను పిలిచారు. "ఫోన్లో ఎలా మాట్లాడావో అలా మాట్లాడరా."

గోడకి ఆనుకుని, తలొంచుకుని మాట్లాడాను: "సీతారామయ్య గారూ! చెప్పింది ఒకసారి అర్థం కాదాండీ?"

నాన్న అమ్మ వైపు తిరిగి, "నేనిలా అరుస్తానా?" అన్నారు.

"వాడు కాస్త మెల్లిగానే అరిచాడు," అంది అమ్మ.

మర్నాడు నాన్న సీతారామయ్య గారి దగ్గరికి మనిషిని పంపి, నిన్న ఫోన్లో మాట్లాడింది తను కాదు, తన వెధవ కొడుకని చెప్పించారు. ఇక అంతా సర్దుకుందనుకున్నాం. మిషను రిపేరు అయ్యాక ఫోను మోగింది. నేను ఆ గది దరిదాపుల్లో లేను. నాన్నే తీసి, "ఆఁ, ఏడుకొండల్ని మాట్లాడుతున్నా" అన్నారు.

అవతల సీతారామయ్య గారి గొంతు వసారాలో ఉన్న మాక్కూడా వినిపించింది.

"ఒరేయ్ వెధవా, మళ్ళీ నువ్వేనా! సిగ్గులేదట్రా నీకు? చెవులు పిండుతా! పో, పోయి మీ నాన్నని పిలువు!"

ఆ రోజు నుంచీ మా నాన్న ఐసు కోసం ఎప్పుడు ఫోను చేసినా, ముందు అమ్మ మాట్లాడి "మా ఆయనేనండీ, పిల్లాడు కాదు" అని సాక్ష్యం చెప్పాకే ఆయన మాట చెల్లేది. అందుచేత, అష్టదిక్పాలకులనీ, బెజవాడ ఎండనీ సాక్షిగా పెట్టి, ఈ వయసులో మీ అందరి ముందూ శపథం చేస్తున్నాను: ఫోనెత్తితే ముందు నా పేరు, ఆపైన మా నాన్న పేరు, ఆపైన నేను ఆయన్ని కాదన్న ముక్క చెప్పకుండా "హలో" అన్న మాట కూడా అనను. ఇక గర్జించడమంటారా, ఆ పని పెళ్ళయిన నాటినుంచి మా ఆవిడే చూసుకుంటోంది.